కుడి జేబు

మధ్యాహ్నం టీ గంటకి ఇంకా చాలా సేపుంది. టర్నర్ అప్పటికే రెండుసార్లు మరుగుదొడ్డికి వెళ్లొచ్చాడు. ఇంకోసారి వెళితే ఫోర్‌మన్ కంట్లో పడతాడు. పడితే అడుగుతాడు. అడిగితే చెప్పడానికి నోరు రాదు. అందుకని పంటి బిగువున లేతు ముందే నిలబడ్డాడు.

లేతు తిరుగుతోంది. ఇనప కడ్డీకి ఉలి మొన ఆనిన చోట తురుము చుట్టలు చుట్టుకుంటూ లేచి కింద ట్రేలో పడుతోంది. కడ్డీ వేడెక్కకుండా పైనుంచి సన్నటి గొట్టంలో కటింగ్ ఆయిల్ ధారగా కారుతోంది. కొత్త డ్రమ్ము విప్పినప్పుడు తేనె రంగులో ఉండే నూనె అది. ఇప్పుడు నల్లబడి కుళ్లు వాసనేస్తోంది. కిందికి కారినదాన్నే వడగట్టి మళ్లీ మళ్లీ పోస్తున్నారు. నూనె మనిషి మీద చిమ్మకుండా మిషనుకి అడ్డంగా ఒక రేకు ఉండేది. దాన్ని తీసి బిగించే టైములో ఇంకో ముక్క తయారవుతుందని ఎవరో లెక్క కట్టారు. రేకు స్టోర్సుకి పోయింది.

ఒక ముక్క పూర్తయింది. టర్నర్ చెయ్యి కుడి జేబులోకి పోయి నూనె గుడ్డని బయటికి లాగింది. ముక్కని తుడిచింది, కొలత చూసే గేజిని తుడిచింది, తనని తాను తుడుచుకుంది, గుడ్డని మళ్లీ జేబులో కుక్కింది. ఈ పని చెయ్యి తనంతట తనే చేసుకుపోతుంది. బుర్రతో దానికి పనిలేదు. బుర్ర వేరే చోట ఉంది.

చెప్పుకోలేని చోట అంటారు దాన్ని. కథలో కూడా చెప్పకుండా దాటేస్తే ఇక ఎక్కడ చెబుతాం? కుడివైపు గజ్జలోనూ, వృషణాల మీదా చర్మం కందిపోయి, మందంగా తేలి, పొలుసులు రాలుతోంది. పొద్దున బట్టలు తొడుక్కున్న కాసేపటికి దురద మొదలవుతుంది. మధ్యాహ్నానికి అది మంటవుతుంది. గోకితే ఒక్క క్షణం ప్రాణం లేచొస్తుంది, ఆ వెంటనే ప్రాణం పోతుంది. గోకకపోతే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఎందుకొచ్చిందో తెలీదు. ఎప్పుడు పోతుందో తెలీదు. ఆ తెలీకపోవడమే దురదకన్నా ఎక్కువగా అతన్ని తినేస్తోంది.

పక్క మిషను దగ్గరున్న మనిషిని వర్కుషాపులో అందరూ జోకరు అంటారు. అతను మెడ సాచి చూశాడు.

"ఏంటన్నా, డాన్సు నేర్చుకుంటున్నావా? కాళ్లు ఒక చోట నిలవట్లేదు!"

అటూ ఇటూ ఉన్నవాళ్లు నవ్వారు. టర్నర్ కూడా నవ్వాడు, నవ్వకపోతే బాగోదని. అద్దాల గదిలోంచి ఫోర్‌మన్ బయటికొచ్చాడు. నూనె ఓడే ఆ షాపులో నలగని ఇస్త్రీ ప్యాంటుతో తిరిగే మనిషి ఆయనొక్కడే.

"ఏమయ్యా, షుగరేమైనా వచ్చిందా? ఊరికే అటు పరిగెడుతున్నావు?"

"లేద్సార్. కడుపు బాగోలేదు."

"బాగోకపోతే సెలవు పెట్టు. ముక్కలు తగ్గితే మాత్రం నేనూరుకోను."

సెలవు పెడితే ఆ రోజు కూలీతోపాటు నెలాఖరు బోనసు కూడా పోతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. టర్నర్ ఇంకో కడ్డీ ఎత్తి లేతుకి బిగించాడు.

అతని భయానికి ఒక మొహం ఉంది. మిల్లింగు మిషను నడిపిన పెద్దాయన, మిల్లింగు మామ మొహం అది.

ఆ షాపులో ఒక ఆనవాయితీ ఉంది. ఎవడైనా ప్యాకింగులోంచో, మోతపనిలోంచో పైకొచ్చి మొదటిసారి మిషను ఎక్కిన రోజున, షాపులో పెద్ద పనివాడొకడు తన జేబులోని నూనె గుడ్డ తీసి వాడి కుడి జేబులో కుక్కుతాడు. కొస బయటికి వేలాడాలి. మిగతావాళ్లు చప్పట్లు కొడతారు, టీ తాగుతారు. ఆ క్షణం నుంచి వాడు పనివాడు. జేబులో గుడ్డ వేలాడనివాడంటే ఆఫీసువాడు, లేకపోతే ఎందుకూ కొరగానివాడు. వాళ్ల వాడలో ఉద్యోగం ఖాయమైందా అని అడగరు, "జేబులో గుడ్డ పడిందా?" అని అడుగుతారు. టర్నర్ జేబులో గుడ్డ పెట్టింది మిల్లింగు మామే. "ఇది నీ జేబులోంచి జారితే నా పరువు పోయినట్టేరోయ్" అని వీపు చరిచాడు.

ఆ మామ కొన్నేళ్ల తర్వాత కాళ్లు ఎడంగా పెట్టి నడవడం మొదలుపెట్టాడు. అడిగితే మోకాళ్ల నొప్పులన్నాడు. తర్వాత బల్ల మీద కూర్చోవడం మానేశాడు, అన్నం నిలబడే తినేవాడు. తర్వాత ఆయన దగ్గర వాసన రావడం మొదలైంది. అప్పుడు షాపంతా కన్నుగీటుకుంది. మామ ఏ సందులో తిరిగొచ్చాడో, ఏ పుణ్యాత్మురాలు అంటించిందో అని రోజుకో కథ అల్లారు. మామ అన్నీ విన్నాడు. ఒక్క మాటకీ బదులివ్వలేదు. ఒక రోజు పనిలోకి రాలేదు. ఇంకెప్పుడూ రాలేదు. ఆస్పత్రికి మోసుకెళ్లేసరికే ఆలస్యమైపోయిందన్నారు. ఏం జబ్బో ఆయన భార్య ఎవరికీ చెప్పలేదు. శవం లేచేటప్పుడు కూడా వెనక వరసలో కొందరు మూతులు తిప్పుకున్నారు. వాళ్లలో టర్నర్ ఉన్నాడు.

ఇప్పుడు తన కాళ్లు ఎడంగా పడకుండా చూసుకోవడమే టర్నర్‌కి పెద్ద పనైపోయింది.

ఇంట్లో ఉన్నది ఒకటే గది. ఒక మూల భార్య కుట్టు మిషను, దాని పక్కన దిండు గలీబుల కట్టలు. ఆమె ఇంట్లో కూర్చుని గలీబులు కుడుతుంది, ఒకాయన వారానికోసారి వచ్చి కట్ట కట్టి పట్టుకుపోతాడు. ఇంకో మూల పొయ్యి. మిగిలిన చోట ముగ్గురు పడుకోవాలి. కొన్నాళ్లుగా టర్నర్ ఆ ముగ్గురిలోంచి విడిపోయి గుమ్మానికడ్డంగా చాప వేసుకుంటున్నాడు. ఉక్కపోత అన్నాడు. వానాకాలం వచ్చింది, అయినా ఉక్కపోతే అన్నాడు. వేరే తువ్వాలు తెచ్చుకున్నాడు, వేరే సబ్బు తెచ్చుకున్నాడు, రెండూ పై అరలో డబ్బా వెనక దాచాడు. ఇంటికి రాగానే ఒళ్లోకి దూకే కూతుర్ని మాత్రం ఎక్కడా దాచలేకపోయాడు. "నాన్న ఒళ్లంతా జిడ్డమ్మా, ఆగు" అనేవాడు. స్నానం చేసొచ్చాక కూడా అదే మాటనేవాడు. పిల్ల కొన్నాళ్లు అలిగింది, తర్వాత అలగడం కూడా మానేసింది.

ఆ స్నానం ఎలా ఉండేదో చెప్పాలి. చేతుల జిడ్డు వదలడానికి కంపెనీ ఒక గరుకు పొడి ఇస్తుంది. ఇనుముకి పట్టిన మడ్డిని కూడా గీకేస్తుందది. టర్నర్ దాన్ని కాగితంలో పొట్లం కట్టి ఇంటికి తెచ్చుకున్నాడు. తనకేదో మురికి అంటుకుంది, తోమితే పోతుంది అనుకున్నాడు. తడక చాటున నోట్లో గుడ్డ కుక్కుకుని ఆ పొడితో అక్కడ తోముకునేవాడు. నీళ్లు ఎర్రగా పారేవి.

అప్పటికే రహస్య రోగాలు చూసే వైద్యుడి దగ్గరికి కూడా వెళ్లొచ్చాడు. బస్సులు ఆగే చోట మేడ మీద గది, కర్ర మెట్లు, మెట్ల కింద ఒక బోర్డు. ఆ బోర్డు చదువుతూ ఎవరికైనా కనబడితే పరువు పోతుందని, బస్సు కోసం చూస్తున్నట్టు నిలబడి చాలా బస్సులు వదిలేశాడు. వైద్యుడు చూడనైనా చూడలేదు. కుర్చీలోంచి లేవకుండానే అడిగాడు.

"ఎవరి దగ్గరికెళ్లావు?"

"ఎవరి దగ్గరికీ వెళ్లలేదండీ."

"అందరూ అదే అంటారు."

"పిల్ల మీద ఒట్టండీ."

"అయితే ఇంట్లోంచే వచ్చుంటుంది" అన్నాడు వైద్యుడు, సీసాలు బల్ల మీద సర్దుతూ. "మనం లేని టైములో ఇంట్లో ఏం జరుగుతుందో మనకేం తెలుస్తుంది, ఏమంటావు?"

వారం కూలీ తీసుకుని మూడు సీసాలిచ్చాడు. మందు రాస్తే నిప్పు పెట్టినట్టయింది. రెండో రోజుకి సీసాలు కాలవలో పారేశాడు. ఆ మాటని మాత్రం ఎక్కడా పారెయ్యలేకపోయాడు. అది కడుపులో కూర్చుంది. లేతు తిరుగుతున్నంత సేపూ అదీ తిరిగేది. గలీబులాయన ఏ వేళప్పుడు వస్తాడు? కట్ట కట్టడానికి అంతసేపెందుకు? మొన్న భార్య కొత్త జాకెట్టు ఎందుకేసుకుంది? అంతవరకూ ఆ మనిషికి లేని బుద్ధులన్నీ ఆ ఒక్క మాటతో పుట్టుకొచ్చాయి.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి భార్య కుళాయి దగ్గరుంది. కూతురు గుమ్మంలో కూర్చుని గలీబు పేలికలతో బొమ్మకి చీర కడుతోంది. టర్నర్ పిల్ల పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మలూ, మధ్యాహ్నం ఎవరొచ్చారు మనింటికి?"

"గలీబుల మామయ్య."

"లోపలికొచ్చాడా?"

"ఊఁ."

"ఎంతసేపున్నాడు? నువ్వెక్కడున్నావప్పుడు?"

పిల్ల తండ్రి భుజం మీదుగా వెనక్కి చూస్తోంది. వెనకాల భార్య బిందెతో నిలబడుంది.

ఆమె బిందె దించింది. పిల్లని పక్కింటికి పంపింది. తలుపు దగ్గరగా వేసింది.

"పిల్లనడుగుతావేం? నన్నడుగు."

టర్నర్ నేల చూశాడు. ఆ తర్వాత అన్నీ ఒక్కసారిగా కక్కేశాడు. దురద, మంట, పొడి, మేడ మీద వైద్యుడు, ఆయనన్న మాట, అన్నీ. "నేనెక్కడికీ పోలేదే. ఒట్టు. పోకుండా నాకెలా వచ్చింది మరి? నువ్వే చెప్పు."

ఆమె ఏడుస్తుందనుకున్నాడు. ఆమె ఏడవలేదు.

"ఇన్నాళ్లూ నేనేమనుకుంటున్నానో తెలుసా నీకు? ఎక్కడో తిరిగొచ్చావని. తప్పు చేసినవాడు కాబట్టి దూరంగా పడుకుంటున్నాడని. అయినా నోరెత్తానా? నీ పరువు నా పరువు ఒకటేనని కళ్లు మూసుకుని పడున్నా. పిల్ల ముందు ఒక్కనాడు నిన్ను పల్లెత్తు మాటనలేదు. నువ్వు? ముక్కుపచ్చలారని పిల్లని నా మీద సాక్షి అడుగుతున్నావా?"

"అది కాదే..."

"ఏది కాదు? ఏమయ్యా, వాడెవడో చూడకుండా చెప్పిన మాట నిజమైంది, ఇన్నేళ్లు పక్కన పడుకున్నదాన్ని నేనెవరినో తెలీలేదా నీకు?" ఆమె బిందెని పొయ్యి పక్కకి జరిపింది. "రేపు ఆస్పత్రికి పోదాం. ఇద్దరం. నాలో రోగముంటే నాకూ తేలుతుంది. లేకపోతే నువ్వు నాకు జవాబు చెప్పాలి."

పెద్దాస్పత్రిలో చర్మం డాక్టర్ల ముందు జనం గోడ పొడుగునా ఉన్నారు. చీటీలిచ్చే ఆయాకి గొంతు తగ్గించడం చేతకాదు. "గజ్జి తామరా ఇటు! సుఖరోగాలు అటు!" అని అరుస్తోంది. అటువైపు వరసలో నిలబడ్డ మగవాళ్లంతా గోడకి మొహం పెట్టి నిలబడ్డారు. ఆ రోగాలకి సుఖమనే పేరు పెట్టిన మహానుభావుడెవడో గానీ, ఆ వరసలో ఒక్క నిమిషం నిలబడుంటే పేరు మార్చుకునేవాడు. టర్నర్ ఎటు వెళ్లాలో తెలీక మధ్యలో ఆగిపోయాడు. అతని భార్య నేరుగా రెండో వరసలోకి నడిచింది. ఆ వరసలో ఆమె ఒక్కతే ఆడది.

"రా" అంది వెనక్కి తిరిగి. "ఇటే కదా నీ అనుమానం."

అతనొచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. ఆ రోజంతట్లో అతనికి అదే కష్టమైన పని.

డాక్టరమ్మ తలపండిన మనిషి. బట్టలు విప్పమంటే టర్నర్ బెల్టు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"విప్పవయ్యా. నాకు ఇద్దరు కొడుకులు, నలుగురు మనవలు. కొత్తగా చూసేదేముంటుంది?"

భార్య తెర పక్కన నిలబడింది, బయటికి పోలేదు. డాక్టరమ్మ దీపం వంచి చాలాసేపు చూసింది. పొడితో తోమిన చోటు చూసి నాలుక చప్పరించింది. తర్వాత తలెత్తింది.

"అంతా కుడివైపే ఉందేం? ఏం పని చేస్తావు?"

"లేతు మీదండీ. టర్నర్ని."

"అంటే నూనెలో పని. చేతులకి నూనె అవుతుంది, సరే. ఇక్కడికెలా వస్తుంది నూనె?"

టర్నర్ చెయ్యి అలవాటు కొద్దీ తొడ పక్కకి పోయింది. అక్కడ ఇప్పుడు జేబు లేదు.

"కుడి జేబు" అంది భార్య.

ఇద్దరూ ఆమె వంక చూశారు.

"నూనె గుడ్డ పెట్టుకుంటాడమ్మా కుడి జేబులో. పొద్దుటినించీ సాయంత్రం దాకా. ఈయన ప్యాంట్లన్నిటికీ ఆ జేబు సంచీ నల్లగా అట్టకట్టి ఉంటుంది. ఎంత ఉడకబెట్టినా పోదు. ఉతికిన రోజున నా వేళ్ల సందులు కూడా మండుతాయి." చేతులు చాపి చూపించింది. వేళ్ల మధ్య చర్మం పగిలి ఉంది.

డాక్టరమ్మ ఆ చేతులు చూసింది. మళ్లీ దీపం వంచి, ఈసారి ఒక చోట వేలితో నొక్కింది. పులిపిరంత గట్టి గడ్డ ఒకటి ఉందక్కడ. టర్నర్ దాన్ని చూసుకున్నాడు గానీ లెక్కలో వేసుకోలేదు.

"ఇద్దరికీ రక్తం పరీక్ష చేయిద్దాం, మీ మనసులు కుదుటపడటానికి. నాకైతే ఇది అంటురోగంలా లేదు. పిల్లని ఎత్తుకో, శుభ్రంగా ఎత్తుకో. ఆ పొడి మళ్లీ ముట్టుకోకు. నూనె అక్కడ తగలకూడదు, ఒక్క చుక్క కూడా. ఈ గడ్డ మాత్రం నాకు నచ్చలేదు. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతాను."

"ఏమై ఉంటుందండీ?"

"ఏళ్ల తరబడి నూనెలో నానితే ఒక్కొక్కళ్లకి చెడ్డగా, క్యాన్సరుగా మారుతుంది. నీది అది కాకపోవచ్చు. కావచ్చు కూడా. ఇలాంటిదే ముదరబెట్టుకుని వచ్చినవాళ్లని చూశాను, సిగ్గుతో దాచుకుని దాచుకుని, ఇక చేసేదేమీ లేనప్పుడు వస్తారు. నువ్వు ముందే వచ్చావు."

రక్తంలో ఏమీ లేదని ఆ వారంలోనే తేలింది, ఇద్దరికీ. ముక్క సంగతి ఇంకా తేలలేదు. రక్తం కాగితాలు తీసుకుని బయటికొచ్చి టర్నర్ ఆస్పత్రి మెట్ల మీద కూలబడ్డాడు. భార్య కాస్త ఎడంగా నిలబడింది.

"మిల్లింగు మామ" అన్నాడు టర్నర్.

"ఏంటి?"

"మామ ఎటూ పోలేదే. ఏ సందులోకీ పోలేదు. ఆయనకీ ఇదే." మోకాళ్ల మధ్య తలపెట్టుకుని ఏడ్చాడు. "నేను కూడా నవ్వానే..."

భార్య దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసింది. కాసేపుంచి తీసేసింది. ఆమె అడిగిన జవాబు ఇంకా ఆమెకి రాలేదు.

ఆ సాయంత్రం ఆమె అతని ప్యాంట్లన్నీ ముందేసుకుని కుడి జేబుల సంచీలు కత్తిరించి పారేసింది. పైమూతి మీద మిషను కుట్టు వేసేసింది, ఒకటి చాలదన్నట్టు రెండు వరసలు. టర్నర్ పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని చూస్తున్నాడు. పిల్ల మొదట బిగుసుకుని కూర్చుంది, కాసేపటికి మెత్తబడి అతని చొక్కా గుండీతో ఆడుకుంది.

మర్నాడు టర్నర్ అద్దాల గదిలోకి వెళ్లాడు. తలుపు వేసి, తల వంచుకుని, డాక్టరమ్మ చెప్పినదంతా చెప్పాడు. రేకులు మళ్లీ బిగించమన్నాడు, మనిషికో ఆప్రాను ఇమ్మన్నాడు, నూనె మార్చమన్నాడు, గుడ్డ తగిలించుకోవడానికి మిషనుకో కొక్కెం పెట్టించమన్నాడు.

ఫోర్‌మన్ కుర్చీ వెనక్కి వాల్చాడు.

"ఈ షాపులో నూనె ముట్టనివాడెవడయ్యా? అందరికీ వచ్చిందా?"

"అడిగితే తెలుస్తుంది సార్."

"ఏమని అడగాలి? బాబూ, నీ గజ్జలు కులాసాయేనా అనా?" తన మాటకి తనే నవ్వుకున్నాడు. తర్వాత నవ్వు ఆపి గొంతు తగ్గించాడు. "చూడు. నువ్వు మంచి పనివాడివి, కాదనను. ఇది బయటపడితే నవ్వులపాలయ్యేది నువ్వు, నీ పెళ్లాం. కంపెనీకేం పోదు. సోమవారం నుంచి నువ్వు ఇన్‌స్పెక్షన్ బల్ల దగ్గర కూర్చుని ముక్కలు సరిచూడు. నూనె లేదు, నిలబడేది లేదు, కూలీ అదే. మీ బావమరిదికి మిషను ఇప్పించమని ఎన్నాళ్లుగానో అడుగుతున్నావుగా? నీ లేతు వాడికిస్తా. రెండు పనులూ అయిపోయాయి. ఇక ఈ గజ్జల పురాణం ఎక్కడా విప్పకు."

టర్నర్ లెక్క చూసుకున్నాడు. అడిగినవి నాలుగు, దొరికింది అడగనిదొకటి. ఆ ఒక్కటీ తన ఒంటికి మాత్రమే పనికొస్తుంది. సిగ్గుగా ఉన్నా చెప్పాలి, ఆ క్షణంలో అతనికి హాయిగానే అనిపించింది.

ఆదివారం బావమరిది వచ్చాడు. భార్యకి తమ్ముడు, ఇద్దరు పిల్లల తండ్రి, ప్యాకింగులో పెట్టెలకి మేకులు కొట్టీ కొట్టీ వేళ్లు చితికినవాడు. పిల్లకి బిస్కెట్ల పొట్లం తెచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"బావా, రేపు గుడ్డ నీ చేత్తోనే పెట్టాలి. వేరే ఎవరు పెట్టినా ఊరుకోను. నీ లేతు, నీ గుడ్డ. అక్కా, నువ్వు చూడాల్సింది, ఫోర్‌మన్ పిలిచి చెప్పినప్పుడు ప్యాకింగోళ్లందరూ ఎలా కుళ్లుకున్నారో!"

టర్నర్ నోరు తెరిచాడు. బావమరిది ముందు, తోడబుట్టిన అక్క ముందు, తొడల మధ్య సంగతి ఎక్కడ మొదలుపెట్టాలో తెలీలేదు. "సరేలే" అన్నాడు.

అతను వెళ్లాక భార్య గలీబు మడతపెడుతూ, తల ఎత్తకుండా అంది.

"నాకు జవాబు చెప్పాలన్నాను కదా. నాకక్కర్లేదు. వాడికి చెప్పు."

సోమవారం సైరను మోగకముందే షాపంతా టర్నర్ లేతు చుట్టూ చేరింది. టీ డబ్బా వచ్చింది, గ్లాసులు తిరుగుతున్నాయి. బావమరిది నూనె అంటని కొత్త ఖాకీ ప్యాంటు వేసుకొచ్చాడు. కుడి జేబు మూతి రెండు వేళ్లతో తెరిచి పట్టుకుని, పెళ్లికొడుకులా నిలబడ్డాడు. ఫోర్‌మన్ కూడా వచ్చి చేతులు కట్టుకుని ఒక పక్కన నిలబడ్డాడు.

"కానివ్వన్నా, టీ చల్లారిపోతోంది" అన్నాడు జోకరు.

టర్నర్ చెయ్యి అలవాటు కొద్దీ తన జేబుకి పోయి కుట్టుకి తగిలింది. లేతు మీద నానుతున్న గుడ్డని చేతిలోకి తీసుకున్నాడు. బావమరిది జేబు వంక చూశాడు. జేబు సంచీ గుడ్డ తెల్లగా ఉంది.

అతను గుడ్డని మళ్లీ లేతు మీదే పెట్టేశాడు.

"నేను పెట్టను."

ఏదో పరాచికమనుకుని ఒకరిద్దరు నవ్వారు.

"నా పెళ్లాం తమ్ముడివి నువ్వు. నీ జేబులో దీన్ని పెట్టను. ఎవరి జేబులోనూ పెట్టను." టర్నర్ చుట్టూ ఉన్న మొహాల వంక చూశాడు. "నాకు గజ్జలో పుండు పడింది. వృషణాల మీద. ఈ జేబు కింద, ఈ నూనె వల్ల. ముక్క కోసి పరీక్షకి పంపారు, అది ఏమవుతుందో నాకింకా తెలీదు. సుఖరోగమనుకుని నా పెళ్లాన్ని అనుమానించాను. ఆమె నాతోపాటు ఆ వరసలో నిలబడింది. ఇద్దరికీ ఏ రోగం లేదు."

టీ పోస్తున్నవాడు డబ్బా నిలువుగా పట్టుకుని ఆగిపోయాడు.

"మిల్లింగు మామ గుర్తున్నాడా? ఆయన ఏ ఆడదాని దగ్గరికీ పోలేదు. ఆయనా జేబులో ఇదే పెట్టుకున్నాడు. మనం నవ్వాం. నేనూ నవ్వాను. ఆయన చచ్చిపోతూ కూడా మన నవ్వుకి భయపడే నోరు విప్పలేదు. ఇప్పుడు నవ్వండి, నేనిక్కడే ఉన్నాను."

అందరూ జోకరు వంక చూశారు, అలాంటప్పుడు మొదట నవ్వేది అతనే కాబట్టి. జోకరు నవ్వలేదు. అతని మొహం పాలిపోయింది. కుడి చెయ్యి తొడ దాకా వచ్చి, ఎవరైనా చూస్తున్నారేమోనని అక్కడే ఆగింది. తర్వాత ఎవరేమనుకుంటే ఏమని జేబులోంచి గుడ్డ లాగి, కాళ్ల దగ్గర పడేశాడు.

"నాకు పోయినేడాది నుంచీ" అన్నాడు, ఎవరితోనో కాదు, నేలతో అన్నట్టు.

"చాలు, చాలు!" ఫోర్‌మన్ ముందుకొచ్చాడు. "ఇదేమన్నా ఆస్పత్రా? ఆడంగుల్లా ఏంటీ ఏడుపులు? నిన్ను కూర్చునే పనిలో పెట్టినందుకా ఇదంతా? సాయంత్రం నా గదికి రా, నీ బల్ల సంగతి తేలుస్తా." లేతు మీది గుడ్డని రెండు వేళ్లతో ఎత్తి బావమరిది ముందుకి చాపాడు. "తీసుకో. ఆలస్యమవుతోంది. మిషను కావాలా, మళ్లీ మేకులు కొట్టుకుంటావా?"

బావమరిది గుడ్డ వంక చూశాడు. బావ వంక చూశాడు. ఇన్నాళ్లూ కలలుగన్న లేతు వంక ఇంకాస్త ఎక్కువసేపు చూశాడు. తెరిచి పట్టుకున్న జేబుని వేళ్లు వదిలేశాయి.

"ముందు మీరు పెట్టుకోండి సార్" అన్నాడు.

"ఏంటీ?"

"మీ జేబులో. ఒక్క పూట పెట్టుకోండి. సాయంత్రం నేను తీసుకుంటా."

సైరను మోగింది. ఎవరూ తమ మిషను దగ్గరికి పోలేదు. అందరి కళ్లూ ఆ ఇస్త్రీ ప్యాంటు కుడి జేబు మీదే ఉన్నాయి. గుడ్డ కొసన నల్లటి బొట్టు ఒకటి కూడుకుని బరువెక్కుతోంది. ఫోర్‌మన్ దాన్ని చూసి, తన ప్యాంటుకి తగలకుండా చేతిని ఇంకాస్త ఎడంగా జరిపాడు.